సోమవారం ఆట

హాజరు యంత్రం మూడోసారి కూడా కాదంది. దాలమ్మ బొటనవేలిని చీరకొంగుకి రుద్దుకుని, నోటి ఆవిరి పట్టించి, ఆ చిన్న అద్దం మీద మళ్ళీ ఆనించింది. ఎర్ర దీపం వెలిగింది. లోపలున్న ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో అంది. మళ్ళీ పెట్టమని దాని అర్థమని జీడి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. దాలమ్మకి మాత్రం రోజూ అది ‘నువ్వెవతివే’ అన్నట్టే వినబడుతుంది.

ఇరవై రెండేళ్ళు జీడిపిక్కలు కోసిన వేళ్ళవి. పిక్క పగిలినప్పుడల్లా చిమ్మే నల్లటి రసం, ఎంత ఆముదం రాసుకున్నా, ఎంత బూడిద పులుముకున్నా, ముందు తోలుని కాల్చింది, తరవాత గీతల్ని తినేసింది. పదేళ్ళ కిందట ఆమెను కటింగ్ నుంచి పొట్టు తీసే గదికి మార్చేనాటికి వేళ్ళ కొసలు వంశధారలో దొర్లిన గులకరాళ్ళలా నున్నబడిపోయాయి. రేషను డిపోలోనూ అంతే, బ్యాంకులోనూ అంతే. ఉన్న ముద్రలన్నీ ఈ ఫ్యాక్టరీకే ధారపోసింది. ఆ ఫ్యాక్టరీయే ఇప్పుడు ముద్రలేవీ అని అడుగుతోంది.

“తియ్యి, రాసుకుంటాను,” అంటూ సూపర్‌వైజర్ గిరిబాబు పుస్తకం తెరిచాడు. ముప్పై ఏళ్ళవాడు. డిగ్రీ చదివి చల్లటి గదిలో కూర్చుందామనుకుని, పలాసలో పప్పు పొట్టు మధ్య కుర్చీ వేసుకున్నవాడు. “నీ ఒక్కదాని కోసం పెన్నులు అరిగిపోతన్నాయి దాలమ్మా.”

“నాను ఏళ్ళు అరగదీసుకున్నాను బాబూ. నువ్వొక పెన్ను అరగదీసుకుంటే తప్పేటి?”

గిరిబాబు నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వేవాడే. ఇవాళ అతని చేతిలో రెండు అట్టపెట్టెలున్నాయి. ఒకదాన్లో తలకి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీలు, ఇంకోదాన్లో మూతికి కట్టుకునే మాస్కులు. నలభైమంది ఆడవాళ్ళనీ వరసగా నిలబెట్టి అవి పంచి, గొంతు సవరించుకున్నాడు.

“సరుకు కొనే కంపెనీవోళ్ళు మన వీడియోలు చూసినారు. పని చేస్తూ మాట్లాడుతుంటే తుంపర్లు పప్పు మీద పడతన్నాయట. ఇవాళ్టి నుంచి లోపల మాట్లాడకూడదు. మాట్లాడినవాళ్ళు ఇంటికెళ్ళిపోవడమే. పైనుంచి ఓనరుగారు చూస్తారు.” పైన అంటే దేవుడు కాదు. కప్పుకి బిగించిన కెమెరా. “ముఖ్యంగా సోమవారాలు,” అని దాలమ్మ వైపు చూశాడు.

దాలమ్మ టోపీ పెట్టుకుంది. మాస్కు కట్టుకుంది. లోపలికెళ్ళి తన పీట మీద కూర్చుంది.

ఆ పీట ఫ్యాక్టరీది కాదు. మిగిలినవాళ్ళంతా గోనెపట్టాలు మడిచి వేసుకుంటారు. దాలమ్మది తెప్ప చెక్కతో చేసిన పీట. సముద్రంలో నాని, ఎండి, ఉప్పు తాగి నల్లబడిన చెక్క. ఒక మూల తాడు దూర్చే కంత అలాగే ఉండిపోయింది. ఆమె ముందు డ్రయ్యర్ నుంచి వచ్చిన ట్రే. అందులో గోరువెచ్చటి పప్పు, ఎర్రటి పొట్టుతో. పప్పుని ఎడమచేత్తో పట్టుకుని కుడి బొటనవేలితో ఒక్కసారి తోయాలి. పొట్టు చొక్కాలా ఊడి రావాలి. మొండికేసిన చోట చిన్న చాకు మొన. ఎక్కువ నొక్కితే పప్పు బద్దలవుతుంది, తక్కువ నొక్కితే పొట్టు మిగిలిపోతుంది. ముద్రల్లేని వేలికి ఈ పని బాగా తెలుసు. గరుకు లేదు కాబట్టి గీత పడదు.

పావుగంట దాకా ఫ్యాన్ల చప్పుడూ, ట్రేల చప్పుడూ తప్ప ఏమీ లేదు. సోమవారం అలా ఉండటం ఆ గదికి కొత్త.

అది పాత ఆచారం. ఆదివారం సెలవు. సెలవు పేరే గానీ ఎవరింట్లో బట్టలు వాళ్ళకి, ఎవరి పిల్లలు వాళ్ళకి. పిల్లల్లేని దాలమ్మని అందరూ కలిసి కాశీబుగ్గలో సినిమా ఆటకి పంపేవారు. ఆమె చూసొచ్చి సోమవారం చెప్పాలి. కథా చెప్పాలి, ఎలా ఉందో కూడా చెప్పాలి. హాల్లో రోజుకి నాలుగాటలు. ఈ గదిలోది సోమవారం ఆట. దానికి ఇంటర్వెల్ కూడా ఉండేది, టీ గంట కొట్టినప్పుడు.

“ఎలగున్నాదప్పా?” అని ఎవరో అన్నారు.

ఎవరన్నారో దాలమ్మకి తెలుసు. పక్కనున్న గ్లోరీ. గ్లోరీ తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు. ఆమెది బాప్టిస్టు చర్చి కుటుంబం. సినిమా చూడటం పాపమని పాస్టరుగారు అన్నాక హాలు గుమ్మం తొక్కలేదు. వినడం సంగతి ఆయన చెప్పలేదు. ఈమె అడగలేదు.

దాలమ్మ కెమెరా వైపు చూసింది. తరవాత గదిలోని నలభై మూతుల వైపు చూసింది. అన్నీ తెల్లగుడ్డల వెనక ఉన్నాయి. ఏ మూతి కదులుతోందో ఆ పైవాడికి కనబడదు. మాట్లాడకుండా ఉండటానికి ఇచ్చిన గుడ్డే మాటకి తెరైంది. ఆమెకి లోలోపల నవ్వొచ్చింది.

“పాటలు బాగున్నాయి,” అంది. “మాటలు బాగోలేవు. ఫైటింగులకి సెవులు గింగురెత్తిపోనాయి.”

“హీరో?” ఎదురుగా కూర్చున్న లక్ష్మణమ్మ అడిగింది. దాలమ్మకంటే ఆరేళ్ళు పెద్ద. ఎడమచెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంకర.

“గెడ్డం బాగున్నాది. మనిషి సంగతి తరవాత సెప్తాను.”

గదిలో ఎక్కడో కిసుక్కుమంది. చేతులు మాత్రం ఆగలేదు. కొత్తగా చేరిన యమున మాత్రం తల తిప్పి చూసింది. పెళ్ళై రెండు నెలలైన పిల్ల. పనిలో ఇది రెండో వారం.

“ఆడు లారీ డ్రైవరు. ఇచ్చాపురం కాణ్ణించి బెజవాడ దాకా ఆడి లారీకి ఎదురు లేదు. పోలీసోడు ఆపడు, టోలుగేటోడు ఆపడు. మూడు గంటల్లో ఒక్కపాలీ డీజిలు కొట్టించలేదు. నాను సూస్తానే ఉన్నాను.”

“ఉచ్చకైనా దిగలేదేటే?” అంది లక్ష్మణమ్మ.

“దిగినాడు. తొమ్మిదిమందిని కొట్టడానికి దిగినాడు. ఒంటిసేత్తో కొట్టినాడు. అంత బలమున్నోడు పెళ్ళాం మాట ఒక్కటి మొయ్యలేకపోనాడు. ఆ పిల్ల టీచరు. ‘రెండ్రోజులు ఎక్కడున్నావు’ అనడిగినాది. సెంప పగలగొట్టినాడు. హాల్లో ఒకటే ఈలలు.”

“ఈలలెందుకే?”

“అదే నానూ ఎనక్కి తిరిగి అడిగినాను. మీ ఇంట్లో మీ అమ్మకి పడినప్పుడు కూడా ఇలగే ఈలలేస్తారా బాబూ అని. ముందుకి తిరగవే ముసిల్దానా అన్నారు.”

టీ గంట కొట్టారు. గిరిబాబు ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అంతా మాస్కులు గడ్డం కిందకి లాక్కుని టీ తాగుతున్నారు. ఒక్క మాట లేదు. అంత బుద్ధిగా ఉండటం అతనికి నచ్చలేదు గానీ, నచ్చలేదని చెప్పడానికి కారణం దొరక్క వెళ్ళిపోయాడు.

“మరి ఆ పిల్ల ఏటి సేసినాది?” టీ అయ్యాక గ్లోరీ అంది.

“ఆ దెబ్బ కాణ్ణించి ఏడుపు మానేసినాది. లారీలో పక్కన కూకున్నప్పుడల్లా ఆడి కాళ్ళకేసే సూస్తాది. ఏ కాలు ఎప్పుడు నొక్కుతన్నాడో సూస్తాది.”

ఆ చూపు సినిమాలో లేదు. సినిమాలో ఆ పిల్ల అద్దంలో కందిన బుగ్గ చూసుకుని సిగ్గుపడింది. ఆ వెంటనే పాట వచ్చింది. దాలమ్మ ఆదివారం సాయంత్రం హాల్లోంచి బయటికొచ్చి, ఆటోలో కూర్చుని, డ్రైవరు కాళ్ళ వైపు చూస్తూ ఇల్లు చేరేలోపు ఆ చూపుని పుట్టించింది. చివర్లో ఏం జరగాలో అప్పుడే అనుకుంది. చివర అలా జరగాలంటే ముందు ఇక్కడ ఇది ఉండాలి. ఆ మాత్రం తీసినవాళ్ళకి తెలియకపోయినా చెప్పేవాళ్ళకి తెలియాలి.

ఇలా మార్చి చెప్పడం ఇరవై ఏళ్ళ కిందట మొదలైంది. అప్పుడిద్దరూ కటింగ్‌లో ఒకే బల్ల. దాలమ్మ పిక్క కోస్తే లక్ష్మణమ్మ పుల్లతో పప్పు పైకి తీసేది. ఆ సోమవారం లక్ష్మణమ్మ ఎడమచేతికి వెదురుబద్దల కట్టుతో వచ్చింది. ఏమైందని ఎవరూ అడగలేదు. అలాంటివి అడగరు. ఒక్క చేత్తోనే పప్పు తీస్తోంది. దాలమ్మ చెబుతున్న సినిమాలో భర్త చేత దెబ్బలు తిన్న భార్య చివరికి తన తప్పు తెలుసుకుని అతని కాళ్ళ మీద పడాలి. కథ అక్కడి దాకా వచ్చింది. దాలమ్మ చేతిలో పిక్క కోసే మర ఆగింది. ఆ మాట నోట్లోంచి రాలేదు.

ఆ ముగింపు ఆమెకి కొత్త కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు, మొగుడు సోములు నడుం మీద తన్నిన మర్నాడు, రేకుపెట్టె పట్టుకుని భావనపాడు పుట్టింటికి పోయింది. అయ్య ఆరు రోజులు అన్నం పెట్టాడు. ఆ ఆరు రోజులూ ఒడ్డున కూర్చుని, విరిగిపోయిన తెప్ప చెక్కతో ఈ పీట చేశాడు. ఏడో రోజు పీటనీ కూతురినీ బస్సెక్కించి తీసుకొచ్చి, సోములు ముందు నిలబెట్టి, కాళ్ళకి దండం పెట్టమన్నాడు. పెట్టింది. సినిమాలోలాగే. కాకపోతే వెనక బాజాలు మోగలేదు, ఎవరి కళ్ళూ చెమ్మగిల్లలేదు. పక్కింటి మేక ఒకటి అరిచింది, అంతే. తరవాత సోములుకి కిడ్నీలు పోయాయి. మంచంలో పడ్డ పదకొండేళ్ళూ దాలమ్మే చూసుకుంది. తనని చూసి మంచి భార్య అన్నారు ఊళ్ళో. ఆ మాట విన్నప్పుడల్లా నడుం దగ్గర నొప్పి తెలిసేది.

అందుకని ఆ సోమవారం సినిమాలోని భార్య కాళ్ళ మీద పడలేదు. పెట్టె సర్దుకుని, బస్టాండులో ఇడ్లీ కొట్టు పెట్టుకుంది. “ఆ ఇడ్లీలకి జనం లైను కట్టినారు,” అని కూడా చెప్పింది దాలమ్మ. లక్ష్మణమ్మ పుల్ల కిందపెట్టి, మంచిచేత్తో ముక్కు తుడుచుకుని, మళ్ళీ పుల్ల తీసుకుంది.

ఇప్పుడు పన్నెండు దాటింది. అన్నం గంటకి ముందే కథ చివరకి రావాలి.

“ఊరు ఊరంతా పోగైనారు. ఈడు మద్దిన నిలబడి గెడ్డం నిమురుకుంటన్నాడు. మైకులో ఎవుడో, అమ్మా, నీ మొగుడు దేవుడమ్మా, కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకోవమ్మా అన్నాడు. ఆ పిల్ల మెల్లగా నడిసొచ్చినాది. ఆడి ముందు నిలబడినాది. ఒంగినాది.”

నలభై జతల చేతులు నెమ్మదించాయి.

“ఒంగి, ఆడి జేబులో తాళాలు లాగినాది. లారీ ఎక్కినాది. ఏ కాలు ఎప్పుడు నొక్కాలో దానికి తెలుసు కదా.”

“ఎలిపోనాదా?” గ్లోరీ గొంతులో నవ్వు.

“దుమ్ము లేసిపోనాది. ఆ దుమ్ములో ఆడి గెడ్డం కూడా కనబడలేదు. బంకు కాడ ఆగి డీజిలు కొట్టించుకుని మరీ ఎలిపోనాది.”

నవ్వు గదంతా పాకింది. ఆ నవ్వు మీదే యమున గొంతు గట్టిగా వినబడింది. పిల్లకి ఇంకా ఆచారం తెలియదు.

“అలగ కాదు కదత్తా. మొన్న మా ఆయన ఫోన్లో సూపించినాడు. ఆవిడ ఆడి కాళ్ళు పట్టుకుంటాది. ఏడుస్తాది కూడా.”

గది బిగుసుకుపోయింది. యమున తనేం చేసిందో తెలియక అందరి మొహాలూ చూసింది. మొహాల్లేవు. కళ్ళే ఉన్నాయి. గుమ్మంలో గిరిబాబు ఉన్నాడు.

“అంటే పొద్దున్నుంచీ నడుస్తూనే ఉందన్నమాట,” అంటూ లోపలికి వచ్చాడు. దాలమ్మ ట్రే ముందు నిలబడ్డాడు. కోపంగా మొదలుపెట్టినవాడు మధ్యలో ఆగిపోయాడు. అసలు దెబ్బ అతనికి వేరేచోట తగిలింది. “ఏటి, లారీ ఎక్కి ఎలిపోయిందా? నేను రెండుసార్లు చూసినాను ఆ సినిమా. మొదటిరోజు కటౌటుకి పాలు పోసినాను. లాస్టులో ఎంత ఏడుపొస్తాదో తెలుసా? దాన్ని ఇలగ ఖూనీ చేస్తావా?”

దాలమ్మ చేతిలో పప్పు అలాగే ఉంది.

“ఇన్నాళ్ళూ వీళ్ళకి అన్నీ అబద్ధాలే చెప్పినావా?” గిరిబాబు గొంతు తగ్గించాడు. చెడ్డవాడు కాదు. పైనున్న కన్ను అతన్ని కూడా చూస్తోంది. “చూడు, పెద్దదానివి. నిన్ను పంపించడం నాకూ ఇష్టం లేదు. ‘నేను చెప్పినవన్నీ అబద్ధాలు’ అని వీళ్ళందరికీ ఒక్కసారి చెప్పేసి కూర్చో. మళ్ళీ ఎప్పుడూ నోరెత్తకు. నీ జాగా నీకుంటాది.”

దాలమ్మకి తల ఎత్తాలంటే మొదటిసారి బరువనిపించింది. పని పోతుందని కాదు. ఇరవై ఏళ్ళ సోమవారాలు ఒక్క మాటతో దొంగసరుకైపోయాయి. లక్ష్మణమ్మ వైపు చూడలేకపోయింది.

లక్ష్మణమ్మే మాట్లాడింది.

“మాకు తెల్దనుకున్నావేటి బాబూ?” అంది, పప్పు పొట్టు తీస్తూనే. “నాకు సెయ్యిరిగిన వారం ఇది సెప్పిన సినిమా నాను ముందే సూసేసినాను. మా ఇంటాయనే తీసుకెళ్ళినాడు. ఆ ఆడమనిషిని సూసి నేర్సుకోమన్నాడు. సూసొచ్చినాకే ఇరగ్గొట్టినాడు.” దాలమ్మ వైపు తిరిగింది. “నువ్వు మరోలాగ సెప్పుకొస్తావుంటే నాను ఊరుకున్నాను. వారం తిరక్కుండా పెట్టె సర్దుకున్నాను. ఇడ్లీలు మాత్రం నాకు రావు.”

“మా గుంట ఫోన్లో సూసి అసలు కత నాకు ముందే సెప్పేస్తాది,” అంది గ్లోరీ. “అది ఆళ్ళ ఆట. సోమారం మన ఆట.”

ఎవరి కళ్ళలోనూ ఆశ్చర్యం లేదు. దాలమ్మ ఒక్కొక్క జత కళ్ళనీ చూసుకుంటూ పోయింది. అందరికీ తెలుసు. తెలియనిది తన ఒక్కదానికే. మోసం చేస్తున్నాననుకుంటూ భయపడుతూ చెప్పిన ఇరవై ఏళ్ళూ, వీళ్ళు టికెట్టు లేకుండానే వచ్చి కూర్చుని, అబద్ధమని తెలిసే నవ్వారు.

గిరిబాబు ఒకసారి కెమెరా వైపు చూశాడు. “అదంతా నాకనవసరం. అబద్ధమని చెప్తావా, లేదా?”

దాలమ్మ లేచింది. మోకాళ్ళు పటపటమన్నాయి. ముందు టోపీ తీసింది. తరవాత మాస్కు తీసింది. యాభై నాలుగేళ్ళ మొహం, బుగ్గలు లోపలికి పోయి, పై పన్ను ఒకటి లేక, కెమెరాకి తిన్నగా కనబడేలా నిలబడింది.

“అబద్ధం కాదు బాబూ, తప్పు. తీసినోడు తప్పు తీసినాడు. నాను సరిసేసినాను. పుచ్చుపప్పు వస్తే ఏరి పారీమని నువ్వే కదా సెప్తావు. నాను ఏరినాను. నీకది పాపమైతే నా పేరు కొట్టీసుకో. ఎలాగా నీ మిషన్లో నాను లేను.”

“పీట తీసుకోవే,” అంది లక్ష్మణమ్మ.

“ఉండనీ. నానొదిలీలేదు ఆ జాగా.”

సినిమాలో అయితే ఇక్కడ వెనక ఒకరు లేస్తారు. ఆ వెనక పదిమంది లేస్తారు. డప్పులు మోగుతాయి. ఇక్కడ ఎవరూ లేవలేదు. ఫ్యాన్లు తిరిగాయి. యమున ఏడుస్తోంది గానీ ఆమె చేతులు కూడా పప్పు మీదే ఉన్నాయి. దాలమ్మ ఎవర్నీ తప్పు పట్టలేదు. లేచి నిలబడే ముందు ఇంటిదగ్గర పొయ్యి మీద ఏముందో, దాని చుట్టూ ఎంతమంది కూర్చున్నారో చూసుకోవాలి. తన పొయ్యి చిన్నది. అందుకే లేవగలిగింది. అంతకంటే గొప్పతనమేమీ లేదు.

అన్నం గిన్నె సంచీలో వేసుకుని బయటికొచ్చింది. గుమ్మం పక్కన యంత్రం. వెళ్ళేటప్పుడు కూడా వేలు పెట్టాలి. పెట్టలేదు. వచ్చానంటేనే ఒప్పుకోనిదానికి వెళ్ళిపోతున్నానని చెప్పడం దేనికి.

చెప్పులు గోడ పక్కన, గది కిటికీ కింద ఉన్నాయి. కిటికీకి దుమ్ము పట్టిన ఇనప జల్లెడ. ఒక చెప్పు తొడుక్కుని రెండోది కాలితో వెతుకుతుంటే లోపలినుంచి మాట వినబడింది. గిరిబాబు వసారాలో ఫోనులో ఎవరికో జరిగింది వివరించుకుంటున్నాడు.

“ఏడుపాపి ఇను,” అంటోంది లక్ష్మణమ్మ, మాస్కు వెనకనుంచి. “ఒక ఫ్యాట్రీలో ఒకావిడ ఉన్నాది. సూపర్వైజరు ఆవిణ్ణి పొమ్మన్నాడు. ఆవిడ లేసినాది. ఆవిడెనకాల ఇంకొకర్తె లేసినాది. ఆవిడెనకాల మరొకర్తె. ట్రేలు కిందెట్టేసి నలభైమందీ లేసినారు.”

లేవలేదు కదే, అనబోయింది దాలమ్మ. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది.

“మరి సూపర్వైజరు ఏటి సేసినాడు?” గ్లోరీ గొంతు.

“ఆడి సంగతి తరవాత సెప్తాను. ముందు ఆ పిల్ల ట్రే ఇలగియ్యి, ఏడుస్తా బద్దలన్నీ ముక్కలు సేసేస్తన్నాది.”

దాలమ్మ ముక్కుతో నవ్వింది. మొదట్లో లక్ష్మణమ్మ కొంచెం తొందరపడింది గానీ, నలభైమందీ లేచిన చోటు బాగుంది. ఇంకా బాగా చెప్పొచ్చు, నేర్చుకుంటుంది. రెండో చెప్పు దొరికింది. తొడుక్కుని గేటు దాటి, ఆటోలు ఆగే రోడ్డు వైపు, తల మీద కొంగు కూడా వేసుకోకుండా ఎండలో నడిచిపోయింది.

లోపల అన్నం గంట కొట్టారు. ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని లేచి, తెప్ప చెక్క పీటకి కాలు తగలకుండా పక్కనుంచి నడిచి వెళ్ళారు. కూర్చున్న మేర నున్నగా మెరుస్తోంది. ఫ్యాను గాలికి ఎర్రటి పొట్టు ఒకటి ఎగిరొచ్చి దాని మీద పడి, కాసేపు అటూ ఇటూ జరిగి, మూలనున్న తాడు కంతలో చిక్కుకుని అక్కడే ఉండిపోయింది.